కాటుక దిగడానికి నేల దొరికిన చోటే లంగరు: నార్‌ఫోక్ నుంచి ఫ్లోరిడా దాకా

పడవ మీద వర్జీనియా నుంచి ఫ్లోరిడా వెళ్ళొచ్చాం అని చెప్తే మనవాళ్ళు ముందు అడిగేది "అట్లాంటిక్‌లోనా, భయం వేయలేదా?" అని. ఆ వెంటనే "మరి కుక్కని ఎవరి దగ్గర వదిలారు?" అంటారు. మేం వెళ్ళింది సముద్రంలో కాదు, సముద్రం పక్కన. కుక్కని ఎవరి దగ్గరా వదల్లేదు, దాని పేరు కాటుక, అదీ మాతోనే వచ్చింది. నిజం చెప్పాలంటే రోజూ ఎక్కడ ఆగాలి, ఎన్నింటికి బయల్దేరాలి అన్నది మేం నిర్ణయించలేదు, అదే నిర్ణయించింది. ఇంకెవరైనా కుక్కతో ఇలా బయల్దేరాలనుకుంటే పనికొస్తుందని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఈ దారి పేరు ఇంట్రాకోస్టల్ వాటర్‌వే. అమెరికా తూర్పు తీరం వెంబడి సన్నటి ఇసుక లంకలు వరసగా ఉంటాయి, వాటికీ అసలు నేలకీ మధ్య నదులు, ఉప్పుటేర్లు, అవతలి ఒడ్డు మసగ్గా కనబడేంత వెడల్పు నీళ్ళు ఉంటాయి. మధ్యమధ్యలో కాలువలు తవ్వి వీటన్నిటినీ ఒకదానితో ఒకటి కలిపారు. ఈ తవ్వకాలన్నీ ఒకేసారి జరగలేదు, కొన్ని 1800ల మొదట్లోవి, సౌత్ కరొలైనాలో మర్టల్ బీచ్ వెనకాల ఉన్న ముక్క 1936లో పూర్తయింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు తీరం బయట ఓడల్ని ముంచుతుంటే సరుకు బార్జీలకి ఈ లోపలి దారి బాగా అక్కరకొచ్చింది. ఇప్పుడు సరుకు తక్కువ, మాలాంటి వాళ్ళు ఎక్కువ. మైళ్ళు వర్జీనియాలోని నార్‌ఫోక్ దగ్గర సున్నాతో మొదలవుతాయి, మయామి చేరేసరికి 1,090 దాకా వస్తాయి, అవి కూడా సముద్రపు మైళ్ళు కావు, రోడ్డు మీద కొలిచే మామూలు మైళ్ళు.

మా ఆయనది ఏలూరు. కృష్ణా కాలువా గోదావరి కాలువా కలిసే ఊరు కదా, లాకులంటే చిన్నప్పటి నుంచి తెలుసు. మా మామగారి చిన్నతనంలో బెజవాడ వెళ్ళాలంటే రాత్రి పడవెక్కి పడుకునేవాళ్ళట. కాకినాడ నుంచి మద్రాసు దాటి దక్షిణానికి పోయే బకింగ్‌హాం కాలువ కూడా అచ్చం ఈ ఆలోచనే, సముద్రంలోకి పోకుండా తీరం వెంబడి లోపలి నీళ్ళలో పడవలు నడపడం. మన దగ్గర అది చాలాచోట్ల పూడిపోయింది, వీళ్ళ దగ్గర ఆర్మీ ఇంజనీర్లు ఇప్పటికీ ఇసుక తోడుతూనే ఉంటారు. అందుకే ఇక్కడికొచ్చి పాతికేళ్ళయినా ఈ మనిషికి కాలువల పిచ్చి వదల్లేదు. నాది ఖమ్మం, నాకు కాలువంటే సాగర్ ఎడమ కాలువే, దాంట్లో ఎవరైనా పడవ వేస్తే పోలీసులొస్తారు. ఆయన ముందుగానే రిటైరై 34 అడుగుల సెకండ్ హ్యాండ్ ట్రాలర్ కొందామన్నప్పుడు నేను "చేపల వాసన ఎవరు భరిస్తారు" అన్నాను. విశాఖ వైపు ట్రాలర్ అంటే చేపల పడవే కానీ ఇక్కడ మాత్రం ఒక డీజిల్ ఇంజను, ఒక పడక గది, చిన్న వంటగది ఉండే నిదానం పడవ. గంటకి ఎనిమిది మైళ్ళు పోతుంది. తోసినా అంతకంటే పోదు.

ఇక కాటుక సంగతి. లాబ్రడార్ పోలికలున్న నల్ల కుక్క, షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం, ఇరవై కిలోల పైనే ఉంటుంది. నీళ్ళంటే ఇష్టం, పడవంటే భయం లేదు. ఒకటే సమస్య, గడ్డీ మట్టీ తగిలితే తప్ప దానికి పని అవదు. ఇది చిన్న విషయం అనిపిస్తుంది కానీ ఈ ప్రయాణంలో టెన్షన్ అంతా ఇక్కడే. మరీనాలో, అంటే డబ్బు కట్టి పడవ నిలుపుకునే రేవులో, కట్టుకుంటే కట్ట మీదకి దిగి నడిపించొచ్చు, కానీ మరీనాలో రాత్రికి అడుగుకి రెండు, మూడు డాలర్లు తీసుకుంటారు. అడుగంటే పడవ పొడవు, అంటే మాకు రాత్రికి వంద డాలర్ల దగ్గర దగ్గర. రోజూ అంత పెట్టలేం కాబట్టి ఎక్కువ రాత్రులు నీళ్ళ మధ్య లంగరు వేసుకోవాల్సిందే. లంగరు వేసుకుంటే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి డింగీ, అంటే ఒడ్డుకి పోయే చిన్న పడవ, దించి, మోటారు బిగించి, కుక్కకి లైఫ్ జాకెట్ తొడిగి ఒడ్డుకి తీసుకెళ్ళి తీసుకురావాలి. వాన పడుతున్నా, చలి కొరుకుతున్నా.

బయల్దేరడానికి చాలా ముందే దానికి గడ్డి చాప అలవాటు చెయ్యడం మొదలుపెట్టాం. ప్లాస్టిక్ గడ్డి ముక్క ఒకటి కొని, మూలకి చిల్లు పెట్టి తాడు కట్టాం. పని అయ్యాక నీళ్ళలో జాడించి పైకి లాగడానికి ఆ తాడు. ముందు ఇంటి పెరట్లోనే అది రోజూ వెళ్ళే చోట పరిచాం, అక్కడ పోసింది. అదే చాపని ఉతక్కుండా పడవ ముందు భాగంలో పెట్టాం. కాటుక దాన్ని వాసన చూసి, నన్ను చూసి, దాని పక్కనే పడుకుంది. కట్టి ఉన్న పడవలో వారం వారం ప్రయత్నించినా అంతే. రేవులో మా పక్కన పడవ కట్టుకుని ఉండే పెద్దావిడ, భర్తతో కలిసి ఈ దారిలో చాలాసార్లు తిరిగినావిడ, "ఒడ్డు కనబడుతున్నంతసేపూ అది పొయ్యదు, ఒడ్డు లేని చోటకి వెళ్ళాక దానికే తెలుస్తుంది" అంది. మిగతా సరంజామా సులువే. రెయిలింగు చుట్టూ వల కట్టాం, వీపు మీద పిడి ఉన్న లైఫ్ జాకెట్ కొన్నాం (ఆ పిడి లేకపోతే తడిసిన కుక్కని నీళ్ళలోంచి పైకి లాగడం అయ్యే పని కాదు), రేబిస్ సర్టిఫికెట్ కాపీలు పెట్టుకున్నాం, దోమల వల్ల వచ్చే గుండె పురుగులకి నెలనెలా వేసే మాత్రలు ప్రయాణం మొత్తానికీ సరిపడా తీసుకున్నాం. దక్షిణానికి పోయేకొద్దీ దోమలెక్కువ, ఆ మాత్ర ఒక్క నెల కూడా మానకూడదు.

బయల్దేరేది అక్టోబరులో. అంతకుముందు వెళ్ళడానికి ఇన్సూరెన్స్ వాళ్ళు ఒప్పుకోరు, తుపాన్ల సీజన్ నవంబరు 30 దాకా ఉంటుంది. మా పాలసీలో అయితే నవంబరు 1 లోపు ఫ్లోరిడా సరిహద్దు దాటకూడదని రాసి ఉంది. మరీ ఆలస్యం చేస్తే వర్జీనియాలో చలి. అందుకే అందరూ ఒకే నెలలో బయల్దేరతారు, పొద్దున విడిపోయిన పడవే సాయంత్రం మళ్ళీ పక్కన లంగరేసి కనిపిస్తుంది.

నార్‌ఫోక్‌లో విమానవాహక నౌకల పక్క నుంచి పోవాలి. అవి ఎంత పెద్దవంటే కాటుక కూడా మొరగడం మర్చిపోయింది. అక్కడి నుంచి కొంచెం దూరం వెళ్ళాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి పెద్ద కాలువ, బార్జీలు పోయేది, లోతు ఎక్కువ. రెండోది డిస్మల్ స్వాంప్ కాలువ, ఇరుకు, ఆరడుగుల లోతు, నీళ్ళలో మునిగిన దుంగలు అడుక్కి తగులుతుంటాయి. మాకు నాలుగడుగుల నీళ్ళుంటే చాలు కాబట్టి రెండోదే ఎంచుకున్నాం. అసలు కారణం వేరే, ఆ కాలువ గట్టు మీద మైళ్ళ కొద్దీ నడక దారి ఉందని చదివాను.

లాకు దగ్గర మా ఆయన్ని చూడాలి. గేటు లోపలికి పోయి తాళ్ళు పట్టుకున్నాక నీళ్ళు వదులుతుంటే పడవ ఎనిమిది అడుగులు పైకి లేచింది, ఆయన మొహం కూడా. లాకు మనిషితో ఏలూరు లాకుల కథంతా చెప్పాడు, దవళేశ్వరం ఆనకట్ట కూడా వదల్లేదు. లాకు మనిషి ఓపిగ్గా విని "మాది అంతకంటే పాతది" అన్నాడు. నిజమే, ఈ కాలువని 1793లో తవ్వడం మొదలుపెట్టి 1805లో తెరిచారు, కాటన్ దొర ఇంకా రెండేళ్ళ పిల్లాడు అప్పటికి. తవ్వింది చాలావరకు బానిసలు. యజమానుల దగ్గర మనుషుల్ని అద్దెకి తెచ్చి బురదలో చేత్తో తవ్వించారు. అదే చిత్తడి అడవిలో, ఎవరూ లోపలికి రాలేరన్న ధైర్యంతో, పారిపోయిన బానిసలు తరతరాలుగా దాక్కుని బతికారు. కాలువ మధ్యలో పడవ ఇంజను ఆపి ఆ చెట్లలోకి చూస్తే అక్కడ ఒక్క రాత్రి గడపడం కూడా నా ఊహకి అందలేదు. చెట్ల బెరడు, రాలిన ఆకుల రసం దిగి నీళ్ళు డికాషన్ రంగులో ఉంటాయి, ఆ రంగు పడవ ముక్కుకి రెండు వైపులా అంటుకుని మీసం మొలిచినట్టు కనబడుతుంది. ఈ దారిన పోయిన ప్రతి పడవకీ ఆ మీసం ఉంటుంది, కొందరు దాన్ని పోగొట్టరు కూడా. నిమ్మరసం రుద్దితే పోతుంది.

ఆ కాలువలో ఒక స్వాగత కేంద్రం ఉంది, హైవే మీద పోయే కార్లకీ నీళ్ళలో పోయే పడవలకీ కలిపి ఒకటే. కట్టుకోవడానికి డబ్బు అక్కర్లేదు. చోటు చాలకపోతే పడవని పడవకి కట్టేస్తారు, ఎవరైనా ఒడ్డుకి దిగాలంటే మన డెక్ మీద నుంచే నడిచి పోతారు. అలా తెల్లారగట్ల ఎవరో ఒకాయన కుక్కతో సహా మా నెత్తిన నడుస్తుంటే కాటుక లేచి ఆయన్ని ఇంటికొచ్చిన చుట్టంలా చూసింది. గట్టు మీద నడక దారి తారు రోడ్డంత బాగుంది, పక్కన మాత్రం ఎలుగుబంట్లుంటాయని బోర్డులు. ప్రయాణం మొత్తంలో కుక్కకి ఇంతకంటే మంచి చోటు రెండే దొరికాయి, వాటి గురించి తర్వాత. కాలువ దాటాక నీటి నాచు ఇంజను ఫిల్టర్‌లో చేరింది, ఆయన మోచేతి దాకా చెయ్యి పెట్టి తీశాడు.

ఎలిజబెత్ సిటీలో 48 గంటలు ఉచితంగా కట్టుకోనిస్తారు. అక్కడ అందరూ ఆగేది ఆల్బమార్ల్ సౌండ్ దాటడానికి వాతావరణం చూసుకోవడం కోసం. సౌండ్ అంటే ఈ సందర్భంలో లోతు లేని పెద్ద నీటి మైదానం. లోతు లేకపోవడమే దాని ప్రమాదం, గాలి లేస్తే అలలు దగ్గర దగ్గరగా, నిటారుగా లేస్తాయి. మేం గాలి పడిపోయిన రోజు తెల్లవారకముందే బయల్దేరి దాటాం, చెప్పుకోడానికి ఏమీ లేదు, అలా ఉండటమే కావాలి.

ఆ సాయంత్రం అలిగేటర్ నది పై భాగంలో లంగరేశాం. ఇక్కడే అసలు పరీక్ష. చుట్టూ ఎటు చూసినా ఒడ్డు లేదు, ఒడ్డులా కనబడేదంతా నీళ్ళలో నిలబడ్డ చెట్ల మొదళ్ళు, రెల్లు. డింగీ దించినా దిగే చోటు లేదు. మర్నాడు పోవాల్సిన కాలువ ఇరవై మైళ్ళు, గీత గీసినట్టు తిన్నగా, అంచుల్లో అంతా దుంగలే. కాటుక పొద్దున దిగింది, సాయంత్రం దిగలేదు. చాప వేశాం. చూడలేదు. రాత్రి పదింటికి ఇద్దరం డెక్ మీదకి తీసుకొచ్చి అటూ ఇటూ తిప్పాం, ఆయన టార్చి పట్టుకుని "పొయ్యి తల్లీ, పొయ్యి" అని బతిమాలుతున్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వే పరిస్థితి కాదు, కుక్కలు అలా గంటల కొద్దీ ఆపుకుంటాయి, మరీ ఆపుకుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్లొస్తాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. రాత్రంతా అది నిద్రపోలేదు, నేనూ పోలేదు. తెల్లారాక లంగరు తీయడానికి నేను ముందుకి వెళ్ళాను. గొలుసు పైకి వస్తున్న చప్పుడుకో, ఇక ఆగలేకో, కాటుక వచ్చి చాప మధ్యలో నిలబడి చాలాసేపు పోసింది. నేను గొలుసు మీటా వదిలేసి చప్పట్లు కొట్టాను, ఆయన పైనుంచి హారన్ కొట్టాడు. దూరంగా లంగరేసిన ఇంకో పడవ వాళ్ళు ఏమైందోనని రేడియోలో పిలిచారు. ఏమని చెప్తాం, "అంతా బాగానే ఉంది, మా కుక్క పోసింది" అన్నాం. వాళ్ళు కూడా హారన్ కొట్టారు.

ఆ తర్వాత భయం సగం తగ్గింది. సగమే, ఎందుకంటే రెండో పనికి చాప ఎప్పుడూ వాడలేదు, దానికి నేల కావాల్సిందే.

బెల్‌హేవెన్, ఓరియంటల్, బోఫర్ట్ ఇవన్నీ హాయిగా గడిచాయి, చిన్న ఊళ్ళు, దిగిన చోటే గడ్డి. క్యాంప్ లజూన్ అని మెరైన్ సైనికుల స్థావరం మధ్య నుంచి దారి పోతుంది, వాళ్ళు కాల్పులు సాధన చేసే రోజు దీపాలు వెలిగించి పడవల్ని ఆపేస్తారు. దాని లోపలే మైల్ హామక్ అనే గుండ్రటి నీళ్ళు, లంగరుకి అంత మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు, అందుకే సాయంత్రానికి పడవలతో నిండిపోతుంది. కానీ ఒడ్డు సైన్యానిది, కాలు పెట్టకూడదు. పది గజాల దూరంలో ఇసుక, దాని వైపు చూస్తూ కూర్చున్న కాటుక. కుక్కలున్న వాళ్ళు అక్కడ ఆగకుండా ఒక మజిలీ తక్కువో ఎక్కువో చూసుకోవడం నయం, మేం చాపతో నెట్టుకొచ్చాం.

వంతెనల గురించి ఒక మాట. దారిలో లేచే వంతెనలు, తిరిగే వంతెనలు చాలా ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో వేళ. రేడియోలో పిలవాలి, వర్జీనియా, నార్త్ కరొలైనాల్లో 13వ ఛానల్, సౌత్ కరొలైనా నుంచి 9. పెద్ద తెరచాప పడవల వాళ్ళు గంట గంటకి తెరిచే వంతెన ముందు గుండ్రంగా తిరుగుతూ కాచుకుంటారు, మా పడవ స్తంభం మడిచేస్తే పదిహేడడుగులే కాబట్టి చాలావాటి కింద నుంచి దూరిపోయాం. అసలు చిరాకు వెనక నుంచి వేగంగా వచ్చే పెద్ద పడవలతో. మర్యాద తెలిసిన వాళ్ళు రేడియోలో పిలిచి "నెమ్మదిగా దాటతాం" అంటారు, అప్పుడు మనం కూడా వేగం బాగా తగ్గించాలి, అప్పుడే వాళ్ళు అల లేపకుండా దాటగలరు. ఇది చాలామందికి తెలియదు, ముందున్న వాళ్ళు వేగం తగ్గించకపోతే వెనకవాళ్ళు ఎంత మంచివాళ్ళయినా అల తప్పదు. మర్యాద లేనివాళ్ళు దాటితే కాటుక నీళ్ళ గిన్నె ఇటు నుంచి అటు జారుతుంది, పొయ్యి మీద పప్పు కింద పడుతుంది. పప్పు గిన్నె పొయ్యికి తీగతో కట్టి వండటం నేర్చుకున్నాను.

మర్టల్ బీచ్ దాటాక వాకమా నది. నాకు మొత్తం ప్రయాణంలో ఇష్టమైన భాగం ఇదే. నల్లటి మంచి నీళ్ళు, సైప్రస్ చెట్లు నీళ్ళలోనే నిలబడి ఉంటాయి, కొమ్మల నుంచి బూడిద రంగు నాచు వేలాడుతుంటుంది. మంచి నీళ్ళంటే మొసళ్ళు కూడా. ఇక్కడి అలిగేటర్లు మనుషుల జోలికి అంతగా రావు కానీ కుక్క వాటికి సరిగ్గా సరిపోయే సైజు. అందుకే ఇక్కడి నుంచి కాటుకని నీళ్ళ అంచున ఒక్క క్షణం కూడా వదల్లేదు, ఈత బంద్, తాడు పొట్టిగా పట్టుకుని ఊరి రేవుల్లోనే దించాం.

నది రెండు వైపులా పాత గట్లు, గడ్డి పెరిగిన చదరపు మడులు కనబడతాయి. అవి వరి పొలాలు. జార్జ్‌టౌన్ చుట్టూ ఉన్న ఈ ఒక్క ప్రాంతం 1840 నాటికి అమెరికా వరి పంటలో దాదాపు సగం పండించేది. పోటు వచ్చినప్పుడు కింద నుంచి ఉప్పు నీళ్ళు తోస్తే పైన మంచి నీళ్ళ మట్టం లేస్తుంది కదా, ఆ నీళ్ళని చెక్క తూముల్లోంచి మడుల్లోకి వదిలి, పాటుకి, అంటే నీళ్ళు తగ్గే వేళకి, బయటికి తీసేవాళ్ళు. ఆ విద్య తెలిసిన ఆఫ్రికా వరి తీరపు మనుషుల్ని బానిసలుగా తెచ్చి, వాళ్ళ చేతే ఆ అడవి కొట్టించి, గట్లు వేయించారు. మా ఆయన చాలాసేపు మాట్లాడకుండా ఆ గట్లని చూశాడు, తర్వాత "మన కొల్లేటి గట్టు లాగే ఉంది" అన్నాడు. బానిసత్వం పోయాక, తుపాన్లు వరసగా కొట్టాక వరి పోయింది, మడుల్లో ఇప్పుడు బాతులు.

మెక్‌లెలన్‌విల్ అనే రొయ్యల పల్లెలో అప్పుడే ఒడ్డుకొచ్చిన పడవ దగ్గర తల తీయని రొయ్యలు కొని ఇగురు వండాను. పక్క పడవల వాళ్ళు వాసనకి డింగీలేసుకుని వచ్చారు. అన్నం చాల్లేదు, బ్రెడ్డుతో తిన్నారు. చార్ల్‌స్టన్ గురించి వేరే రాయాలి, ఇక్కడ వద్దు.

జార్జియాకి వచ్చాక లెక్కలన్నీ మారిపోతాయి. అక్కడ తీరం లోపలికి వంపు తిరిగి ఉంటుంది, పోటు నీళ్ళన్నీ ఆ వంపులోకి నెట్టుకొస్తాయి, అందుకని పోటుకీ పాటుకీ మధ్య నీటి మట్టంలో ఏడు నుంచి తొమ్మిది అడుగుల తేడా. సాయంత్రం పది అడుగుల నీళ్ళలో లంగరు వేస్తే అర్ధరాత్రికి పద్దెనిమిది అవుతాయి, పడవ ముక్కు ఎత్తు నాలుగు కలిపితే ఇరవై రెండు, లంగరు జారకుండా పట్టుకోవాలంటే దానికి ఏడింతలు, అంటే నూటయాభై అడుగుల పైన తాడూ గొలుసూ వదలాలి. హెల్ గేట్, లిటిల్ మడ్ నది, జెకిల్ క్రీక్ లాంటి చోట్ల పాటుకి మా పడవకి కూడా నీళ్ళు చాలవు. పోటు లేస్తూ సగానికి వచ్చాక దూరాలి, ఒకవేళ మేట మీద ఎక్కినా ఇంకో అరగంటకి నీళ్ళే లేపుతాయి. పాటులో ఎక్కితే మళ్ళీ పోటు వచ్చేదాకా పక్కకి ఒరిగి కూర్చోవాలి. ఇవన్నీ చదివి చాలామంది జార్జియా వదిలేసి సముద్రంలోంచి పోతారు. మాకు ఆ దారి కుదరదు, రాత్రంతా అలల మీద కుక్కని పెట్టుకుని వెళ్ళే ధైర్యం నాకు లేదు.

పడవ సంగతి అలా లెక్కలతో గట్టెక్కుతుంది, కుక్క సంగతి గట్టెక్కదు. పాటుకి పడవకీ గడ్డికీ మధ్య ఎనిమిది అడుగుల ఎత్తు బురద గోడ లేస్తుంది. చూడ్డానికి నేలే. ఒక పొద్దున డింగీ ఇంకా ఆనకముందే కాటుక దూకేసింది, పొట్ట దాకా దిగిపోయి, కదిలితే ఇంకా దిగుతూ, మా వైపు తిరిగి చూసింది. ఆయన దిగబోతే నేను చొక్కా పట్టుకుని ఆపాను, ఆయన బరువుకి నడుము దాకా దిగుతాడు. తెడ్డు అడ్డంగా బురద మీద వేసి, దాని మీద మోచేతులు ఆనించి ఆయన పడుకుంటే, ఆ పిడి దొరికింది. చెప్పానుగా, ఆ పిడి. ఇద్దరం లాగితే ఊడి వచ్చింది, డింగీ అంతా బురద, ఆ బురదకి కుళ్ళిన కోడిగుడ్ల కంపు. కాలి కింద ఆల్చిప్ప కోసుకుంది కూడా. ఉప్పు నీళ్ళతో కడిగి, మంచి నీళ్ళు రెండు బకెట్లు (పడవలో మంచి నీళ్ళు రెండు బకెట్లు పొయ్యడమంటే మా ఇద్దరి స్నానాలు పోయినట్టే) పోసి, మందు రాసి కట్టు కట్టాం.

అక్కడి నుంచి పద్ధతి మార్చాం. శాటిలైట్ ఫోటోలు చూసి, జనం ట్రైలర్ల మీద పడవలు దించుకునే సిమెంటు వాలు ఎక్కడుందో ముందు వెతికేవాళ్ళం. ఆ వాలు పాటు నీటి కంటే కిందకి కూడా ఉంటుంది, ఎంత నీళ్ళు తగ్గినా బురద తొక్కకుండా దిగొచ్చు. అలాంటిది దొరికిన చోటుకి దగ్గరగానే లంగరు. దొరకని చోట పోటు వేళకి అలారం పెట్టుకుని, అది తెల్లవారుజామున నాలుగైనా సరే లేచి తీసుకెళ్ళడం. కుక్కకి టైమ్ పట్టింపు లేదు, మీరెప్పుడు లేపితే అప్పుడు తోక ఊపుతుంది.

మంచి చోట్లు ఇంకో రెండన్నాను కదా, అందులో ఒకటి జార్జియా చివర్లోనే ఉంది, కంబర్‌లండ్ దీవి. వంతెన లేదు, సెయింట్ మేరీస్ నుంచి ఫెర్రీ ఉంది, ఫెర్రీలో కుక్కల్ని ఎక్కనివ్వరు. దీవి మీద మాత్రం తాడు కట్టి పగటిపూట తిప్పుకోవచ్చు. అంటే సొంత పడవ ఉన్న కుక్కలకి మాత్రమే ఆ దీవి! కార్నెగీ కుటుంబం కట్టుకున్న డంజనెస్ భవనం 1959లో కాలిపోయి మొండి గోడలు మిగిలాయి, వాటి చుట్టూ అడవి గుర్రాలు మేస్తుంటాయి. గుర్రాన్ని కాటుక జన్మలో మొదటిసారి చూసింది, గుర్రం దీన్ని పట్టించుకోలేదు. అవతలి పక్క మైళ్ళ కొద్దీ ఖాళీ సముద్రతీరం. సాయంత్రం పడవకి తిరిగొచ్చి దాని ఒంటి మీద పిడుదులు ఏరడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఎదురుగా కింగ్స్ బే, అణు జలాంతర్గాముల స్థావరం, ఏదైనా బయటికొస్తుందేమోనని ఆయన బైనాక్యులర్లు దించలేదు, రాలేదు.

ఫ్లోరిడాలో దారి ఊళ్ళ మధ్య నుంచే. సెయింట్ అగస్టీన్‌లో సింహాల వంతెన కింద దాటి, 1600ల్లో స్పెయిన్ వాళ్ళు గవ్వరాయితో కట్టిన కోట చూసి, ఇసుక లాంటి చిన్న పురుగుల చేత కుట్టించుకున్నాం, అవి దోమతెరలోంచి కూడా దూరతాయి, ఇంకా సన్న వల కావాలి. ఆ కింద మానటీలనే పెద్ద నీటి జంతువుల కోసం నెమ్మదిగా పొమ్మని బోర్డులుంటాయి, మా పడవకి అవి వర్తించవన్నంత నెమ్మది మాది. టైటస్‌విల్ దగ్గర అంతరిక్ష కేంద్రం భవనం గంటల తరబడి కనబడుతూనే ఉంటుంది, మన వేగం ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

చివరికి వీరో బీచ్ చేరి ఆగిపోయాం. అక్కడ మరీనాలో నీళ్ళ మధ్య తేలే బోయాకి పడవ కట్టుకుంటే కట్ట పక్కన కట్టడం కంటే చాలా చవక, కానీ ఒక్కో బోయాకి రెండు మూడు పడవలు పక్కపక్కన కట్టాలి. ఊళ్ళో బస్సు ఉచితం, పక్కనే కుక్కల పార్కు. అదే మూడోది. చలికాలం అంతా ఉండి, జూన్ 1కి ముందు ఉత్తరానికి పోవాలన్న ఇన్సూరెన్స్ గడువుకి తగ్గట్టు వసంతంలో వెనక్కి వచ్చాం. వచ్చే దారిలో జార్జియా మాకు భయం కలిగించలేదు, వాలులన్నీ గుర్తు పెట్టుకుని ఉన్నాం.

మా బంధువుల్లో ఒకరు, వాళ్ళకి పగ్ ఉంది, మమ్మల్ని చూసి వచ్చే ఏడాది బయల్దేరతామంటున్నారు. పగ్‌కి ఎండలో ఊపిరి ఆడదు కాబట్టి వాళ్ళు నవంబరు దాటాకే ఫ్లోరిడాలోకి వెళ్ళాలి, పైగా దానికి ఈత రాదు, లైఫ్ జాకెట్ నిద్రలో కూడా తీయకూడదు. ఎత్తుకుని దించడం మాత్రం వాళ్ళకి సులువు, ఆరు కిలోలే కదా. గడ్డి చాప మాది ఇవ్వమన్నారు. ఇచ్చాను, ఉతక్కుండా.